అంకెలలో దాగిన కంఠం

గోపన్‌పల్లిలో మా వాకిలికి ఎదురుగా ఒక పెద్దమ్మగారు వున్నారు. తరతరాలుగా ఆ వూళ్ళోనే వుంటున్న కుటుంబం. ఒక ప్రక్క హైదరాబాదు విశ్వవిద్యాలయపు రాతిగుట్టలు, మరొక ప్రక్క కంప్యూటరు సంస్థల అద్దాల మేడలు నిలిచిన ఆ చోట జొన్నచేలను చూచిన కన్నులు ఆమెవి. క్రిందటి వేసవిలో ఒకనాటి సాయంకాలం ఆమె మా యింటికి వచ్చి, కొంగుముడి విప్పి, చిటికెనవేలంత పెన్ డ్రైవు ఒకటి తీసి నా చేతిలో పెట్టారు.

"రేడియోల పనిజేస్తవు గద బిడ్డా, గొంతుల సంగతి నీకెరుక. మా పెద్దాయన మాట దీన్ల ఉన్నదంట. ఎవ్వరు జూసినా పలుకుతలేదు" అన్నారు.

విచారిస్తే తెలిసిన సంగతి ఇది. పెద్దాయన గతించి పదేళ్ళు దాటింది. 2010లో, ఆయన ఆరోగ్యంగా వున్న రోజులలో, మనుమడు ఒక మీటల ఫోను ఆయన ముందుంచి, వూరి పాత ముచ్చట్లు ఎనిమిది నిమిషాలపాటు చెప్పించుకున్నాడు. తరువాత ఆ ఫోను మూలబడింది. అందులోని ఫైలును కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు, పాటల పేర్ల చివర "ఎంపీ3" అని వుంటుంది గదా అని, దీని పేరుకూ అదే తోక తగిలించాడు. అప్పటినుంచి ఆ ఫైలు పలకడం మానివేసింది. సెల్‌ఫోన్లు బాగుచేసే ఒక దుకాణంలో చూపిస్తే, "ఫైలు పాడైపోయింది, తీసివేయండి" అన్నారట. తీసివేయడానికి పెద్దమ్మగారికి మనసొప్పలేదు.

ఇరవై ఏళ్ళుగా ధ్వనులతోనే కాలం గడుపుతున్న నేను కూడా నా యంత్రంలో పెట్టి చూచాను. పలకలేదు. "చూద్దాం పెద్దమ్మా" అన్నానే గాని, నాకూ ఆశ లేకపోయింది. ఆ ఫైలు ఏమయినదో చెప్పేముందు, అసలు ఫైలు అంటే ఏమిటో, అది పాడుకావడమంటే ఏమిటో కొంత మనవి చేయవలసి వున్నది.

కంప్యూటరులో గాని, చేతిఫోనులో గాని మనం దాచుకునే ప్రతి వస్తువూ, అది ఉత్తరమైనా, ఛాయాచిత్రమైనా, పాటయినా, బ్యాంకు పద్దయినా, లోపల ఒకే పదార్థంతో చేసినది. ఆ పదార్థంలో వున్నవి రెండే గుర్తులు: ఒకటి, సున్న. రెండు స్థితులను వేరుపరచి గుర్తించడం యంత్రానికి సులభం. విద్యుత్తు వున్నది, లేదు. అయస్కాంతం ఇటు తిరిగినది, అటు తిరిగినది. అటువంటి ఒక్క గుర్తును బిట్ అంటారు. రెండే గుర్తులతో ఇంత ప్రపంచాన్ని ఎట్లా వ్రాయగలమని సందేహం కలగవచ్చు. కాని పద్యం చదువుకున్న తెలుగువారికి ఆ సందేహం అక్కరలేదు.

మన వృత్తపద్యాలలో కూడా వున్నవి రెండే గుర్తులు: గురువు, లఘువు. మూడేసి అక్షరాలను ఒక గణంగా తీసుకుంటే మగణం మొదలు నగణం వరకు ఎనిమిది గణాలు ఏర్పడతాయి. తొమ్మిదవది సాధ్యం కాదు. పాదానికి ఎనిమిది అక్షరాలుండే అనుష్టుప్ ఛందస్సులో ఇట్లాగే 256 వృత్తాలు ఏర్పడతాయి. అన్ని భేదాలనూ వరుస తప్పకుండా వ్రాసుకుపోయే పద్ధతికి ప్రస్తారమని పేరు. పింగళుని ఛందశ్శాస్త్రంలోనే దాని సూత్రాలున్నవి.

ఒక వృత్తం ప్రస్తారంలో ఎన్నవదో లెక్కగట్టే ఉపాయం కూడా వున్నది. దానిని ఉద్దిష్టమంటారు. మనకందరికీ పరిచితమైన ఉత్పలమాలనే చూడండి. భ, ర, న, భ, భ, ర అనే గణాలు, చివర ఒక లఘువు, ఒక గురువు; మొత్తం ఇరవై అక్షరాలు. మొదటి అక్షరానికి 1, రెండవదానికి 2, మూడవదానికి 4, ఇట్లా ఇనుమడిస్తూ విలువలు వేసుకుని, లఘువులున్న చోటి విలువలను మాత్రం కూడి, చివర ఒకటి కలపండి. 3,55,799 వస్తుంది. ఉత్పలమాల కృతి ఛందస్సులో 3,55,799వ వృత్తమని చెప్పడం ఇందువల్లనే. సంఖ్యను బట్టి మళ్ళీ వృత్తాన్ని రాబట్టే ఉపాయమూ వున్నది. దానికి నష్టమని పేరు. ఇంతమాత్రాన మన పూర్వులు కంప్యూటరును కనిపెట్టారని నేననడం లేదు. రెండు గుర్తుల వరుసను సంఖ్యగానూ, సంఖ్యను తిరిగి ఆ వరుసగానూ మార్చవచ్చునన్న కీలకం వారెరిగినదే అని మాత్రం చెప్పవచ్చు.

నేటి కంప్యూటర్లు బిట్లను ఎనిమిదేసిగా కట్టకడతాయి. ఆ కట్టకు బైట్ అని పేరు. అనుష్టుప్ పాదానికి వలెనే బైటుకు కూడా 256 రూపాలు. వాటిని 0 నుంచి 255 వరకు సంఖ్యలతో గుర్తిస్తారు. ఈ ఎనిమిది అన్నది దైవనిర్ణయమేమీ కాదు. 1967లో హైదరాబాదులో స్థాపితమైన ఈసీఐఎల్ సంస్థ తొలినాళ్ళలో తయారుచేసిన టీడీసీ-12 అనే కంప్యూటరు పన్నెండేసి బిట్లతో పనిచేసేది. ఎన్ని బిట్లు ఒక కట్ట, ఏ సంఖ్యకు ఏ అర్థం అన్నవి మనుషులు తమలో తాము కుదుర్చుకున్న ఒడంబడికలు. ఈ ఒడంబడిక అన్న మాటను దయచేసి గుర్తుంచుకోండి. మిగిలిన కథ అంతా దానిమీదనే నడుస్తుంది.

ఒక చిన్న ఉదాహరణ చెబుతాను. ప్రపంచ భాషల లిపులన్నిటికీ సంఖ్యలను కేటాయించిన పట్టికకు యూనికోడ్ అని పేరు. 1991లో దాని మొదటి కూర్పు వెలువడినప్పుడే తెలుగుకు అందులో స్థానం లభించింది. ఆ పట్టికలో మన 'అ' అనే అక్షరపు సంఖ్య 3077. బైటులో 255కు మించిన సంఖ్య పట్టదు గనుక, ఫైలులో దానిని సాధారణంగా మూడు బైట్లుగా వ్రాస్తారు: 224, 176, 133.

ఈ మూడు సంఖ్యలు అక్షరమని మీకు ముందుగా తెలియదనుకోండి. రంగు అనుకుని చదివారనుకోండి. కంప్యూటరు బొమ్మలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్ళను తెలిపే మూడు సంఖ్యలుంటాయి. ఎరుపు 224, ఆకుపచ్చ 176, నీలం 133 అయితే తెరమీద కనిపించేది చందనపు రంగు చుక్క. ధ్వని అనుకుని చదివితే? ఎనిమిది బిట్ల ధ్వని ఫైలులో 128 అంటే నిశ్శబ్దం; దానికి పైనా, క్రిందా వున్న సంఖ్యలు గాలి ఒత్తిడిలోని హెచ్చుతగ్గులు. అప్పుడు మన 'అ' ఒక టిక్కుమనే చప్పుడు. గట్టిగా మొదలై మూడవ సంఖ్యకు దాదాపు అణగిపోతుంది. బైట్లు మారలేదు. చదివే ఒడంబడిక మారింది. అక్షరం రంగయింది, రంగు శబ్దమయింది.

ఫైలులోని బైట్లన్నిటినీ అక్షరాలుగానే చదవవలసివుంటే దానిని టెక్స్ట్ ఫైలు అంటారు. తక్కినవాటినన్నిటినీ కలిపి వాడుకలో బైనరీ ఫైళ్ళు అంటారు. నిజానికి రెండూ ఒకటీ సున్నలే; భేదమల్లా ఒడంబడికలోనే. ఛాయాచిత్రాన్ని ఉత్తరాలు వ్రాసుకునే కిటికీలో తెరిస్తే తెరనిండా పిచ్చిగుర్తులు కనిపించడం మీలో కొందరికి అనుభవమే. అది ఫైలు దోషం కాదు. నాట్యాన్ని వీణమీద వాయించమన్నట్లు, మనం అడగకూడనిది అడిగినాము.

బైనరీ ఫైళ్ళ ప్రయోజనాలకు అంతు లేదు. మా వృత్తికి సంబంధించిన ధ్వనినే తీసుకుందాము. కాంపాక్ట్ డిస్క్‌లో సెకనుకు 44,100 మార్లు ధ్వనిని కొలిచి, రెండు చెవులకు రెండు ధారలుగా, కొలతకు రెండేసి బైట్లు వ్రాస్తారు. అంటే సెకనుకు 1,76,400 బైట్లు. నిమిషానికి కోటికి పైమాట. పాత మీటల ఫోన్లకు అంత స్థలమెక్కడిది? అవి సెకనుకు 8,000 మార్లు మాత్రమే కొలిచి, మనిషి మాట అర్థం కావడానికి అవసరమైనంతవరకే వుంచి, సెకనుకు 1,600 బైట్లలోకి కుదించగలవు. ఆ లెక్కన ఎనిమిది నిమిషాల మాటలు 7,68,000 బైట్లలో ఇమిడిపోతాయి.

అట్లాగే కంప్యూటరును నడిపించే ప్రోగ్రాములు కూడా బైనరీ ఫైళ్ళే. వాటిలోని బైట్లు "ఇది కూడు, అది దాచు, అక్కడికి పో" అని యంత్రానికిచ్చే ఆజ్ఞలు. మన బాలానగరులో జాతీయ దూరసంవేదన కేంద్రమున్నది. భూమిని పరిశీలించే ఉపగ్రహాలు పంపే సంకేతాలను షాద్‌నగరులోని దాని కేంద్రం అందుకుంటుంది. ఆ సంకేతాలు కూడా బైనరీ ఫైళ్ళుగానే నిలువచేరుతాయి. లిస్-3 అనే ఉపగ్రహ కెమెరా చిత్రంలో ఒక్కొక్క చుక్క నేలమీద 23.5 మీటర్ల చదరానికి సమానం. కంటికి కనిపించని పరారుణ కాంతిని కూడా అది సంఖ్యగా నమోదు చేస్తుంది. పచ్చగా ఏపుగా వున్న ఆకు ఆ కాంతిని బాగా వెనుకకు పంపుతుంది, చెరువునీరు మ్రింగివేస్తుంది. కనుక అంకెలను చూచి ఇక్కడ పైరున్నది, అక్కడ నీరున్నది అని చెప్పగలుగుతారు.

ఇన్ని రకాల ఫైళ్ళలో ఏది ఏదో తెలియడమెట్లా? పేరు చివరనుండే తోక ఒక గుర్తు. కాని అది డబ్బామీద అంటించిన చీటీ వంటిది. చీటీమీద పంచదార అని వ్రాసినంతలో లోపలి ఉప్పు తీపెక్కదు. అందుచేత చాలా రకాల ఫైళ్ళలో మొదటి కొన్ని బైట్లలోనే ఒక ముద్ర వేసివుంచుతారు. జేపెగ్ ఛాయాచిత్రం 255, 216 అనే బైట్లతో మొదలవుతుంది. పీఎన్‌జీ బొమ్మ 137తో మొదలై, వెంటనే పి, ఎన్, జి అనే ఇంగ్లీషు అక్షరాలతో సాగుతుంది. అనేక ఫైళ్ళను ఒక మూటగా కట్టే జిప్ ఫైలు పి, కె అనే అక్షరాలతో మొదలవుతుంది. అవి ఆ పద్ధతిని రూపొందించిన ఫిల్ కాట్జ్ అనే అమెరికన్ పేరులోని పొడి అక్షరాలు. నేటి వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళను విప్పిచూస్తే ఇవే అక్షరాలు కనబడతాయి. అవి కూడా లోపల జిప్ మూటలే.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఫోనులో క్రొత్త ప్రోగ్రాములను ప్రవేశపెట్టే ఏపీకే ఫైలు కూడా అటువంటి మూటే. 2024లో పెండ్లి శుభలేఖ అని పేరుపెట్టి ఏపీకే ఫైళ్ళను వాట్సాప్‌లో పంపే మోసం బయటపడి, దేశంలో పలుచోట్ల పోలీసులు ప్రజలను హెచ్చరించారు. శుభలేఖ చూడవలసిన వస్తువే గాని, ఫోనులో కాపురం పెట్టవలసినది కాదు. చదవడానికి వచ్చిన ఫైలు "నన్ను ఇన్‌స్టాల్ చెయ్యి" అని అడిగితే, అది ఎంత దగ్గరి బంధువు పేరుమీద వచ్చినా తెరవకండి.

ఇప్పుడు పెద్దమ్మగారి ఫైలు సంగతికి వస్తాను. మా పై అంతస్తులో ఒక యువకుడుంటాడు. కంప్యూటరు సంస్థలో ఇంజనీరు. మరునాడు పెన్ డ్రైవును అతనికి చూపించాను. అతడు ఫైలును పలికించే ప్రయత్నమే చేయలేదు. ముందుగా దానికొక నకలు తీసుకున్నాడు. తరువాత బైట్లను ఉన్నవి ఉన్నట్లు చూపించే ఒక ప్రోగ్రాములో నకలును తెరిచి, మొదటి వరుసను నాకు చూపించాడు. ఒక హాష్ గుర్తు, ఒక ఆశ్చర్యార్థకం, ఆపైన ఏ, ఎం, ఆర్ అనే అక్షరాలు.

"ఇది ఎంపీ3 కాదు సార్. పాత ఫోన్లలో మాటలు రికార్డు చేసే ఏఎంఆర్ పద్ధతి. ఫైలు చెడిపోలేదు, మనవాళ్ళు దీన్ని పరాయి పేరుతో పిలుస్తున్నారు, అంతే" అన్నాడు.

పేరు చివరి తోక సరిచేసి, ఆ పద్ధతిని ఎరిగిన ప్రోగ్రాములో తెరిచాడు. కొంచెం గరగర. తరువాత ఒక వృద్ధ కంఠం: "ఇదేంద్రా, దీన్లనే మాట్లాడాల్నా?"

పెద్దమ్మగారిని పిలిపించాము. గుట్టల్లో సీతాఫలాలు ఏరుకొచ్చిన సంగతి, చెరువు అలుగు పారిన యేడు చేపలు దారిలోకి వచ్చిన సంగతి, పెద్దాయన ఆగి ఆగి చెబుతున్నారు. ఆమె కంటతడి పెట్టలేదు. తలవంచుకుని విన్నారు. నడుమ ఆయన ఒకసారి గొంతు సవరించుకున్నారు. అప్పుడు మాత్రం తలయెత్తి, "ఆ సకిలించుడు గూడ ఆయనదే" అన్నారు.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ఏడున్నర లక్షలకు పైబడిన బైట్లలో ఒక్కటైనా చెడలేదు. అయినా దుకాణంలో చెప్పిన మాట విని వుంటే ఆ కంఠం లోకంలో లేకుండా పోయేది. పాడుకావడం వేరు, చదవరాకపోవడం వేరు. నిజంగా బైట్లు చెడిన ఫైళ్ళూ వుంటాయి. టెక్స్ట్ ఫైలులో ఒక బైటు చెడితే ఒక అక్షరం తప్పుపోతుంది. కుదించి కట్టిన మూటలో ఒక బైటు చెడితే దాని వెనుకనున్నదంతా తారుమారు కావచ్చు. కాని మనం పాడైపోయినవని పారవేసే ఫైళ్ళలో అన్నీ అటువంటివి కావు. కొన్నిటి తాళంచెవి ఎక్కడ పెట్టామో మనమే మరచిపోయాము.

ఇది ఒక్క యింటి సంగతి కాదు. తెలుగు జాతి సంగతి. తెలుగు ముద్రణ కంప్యూటరులోకి మారిన కాలంలో, అక్షరాలకు ఏ సంఖ్య ఇవ్వాలన్న విషయంలో ఒక్కొక్క ఫాంటు ఒక్కొక్క ఒడంబడికను పాటించింది. భారతదేశపు లిపుల కోసం 1991లో ఇస్కీ అనే జాతీయ ప్రమాణం వెలువడినా, ముద్రణాలయాలు తమ దారిన తాము నడిచాయి. ఇంగ్లీషు అక్షరాల స్థానాలలో తలకట్లను, గుడులను, వత్తులను ఎవరికి తోచిన వరుసలో వారు కూర్చుకున్నారు. ఆనాడు కూర్చిన కావ్యాలు, కథలు, పాఠ్యపుస్తకాలు ఎందరి బీరువాలలోనో ఫైళ్ళుగా వున్నవి. ఆ ఫాంటు లేని కంప్యూటరులో వాటిని తెరిస్తే అర్థంలేని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనబడుతుంది. బైట్లు భద్రంగానే వున్నవి. ఒడంబడిక మరుగున పడుతున్నది. అటువంటి ఫైళ్ళను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలను భాషాభిమానులు కొందరు తయారుచేసి పెట్టారు. ఆ ఫాంటు పేరు తెలిసినవారు మనమధ్య వున్నప్పుడే ఆ పని జరగాలి.

కాగితపు పుస్తకాల విషయంలో ఒక మహాప్రయత్నం జరిగింది. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో జన్మించి, 1994లో ట్యూరింగ్ బహుమానం పొందిన రాజ్ రెడ్డిగారు, పది లక్షల పుస్తకాలను కంప్యూటరులోకి ఎక్కించే సంకల్పానికి ముఖ్య కారకులలో ఒకరు. మన గచ్చిబౌలిలోని ట్రిపుల్ ఐటీ ఆ కృషిలో పాలుపంచుకున్నది. వేలకొలది తెలుగు పుస్తకాల పుటలు ఆ విధంగా ఛాయాచిత్రాలుగా మారాయి; వాటిలో చాలా పుస్తకాలు తరువాత ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో చేరాయి. అది గొప్ప ఉపకారం. అయితే పుట ఛాయాచిత్రం మనిషికి చదువు, యంత్రానికి చుక్కలు. అందులో ఒక మాటను వెదకమంటే యంత్రం వెదకలేదు. చుక్కలను మళ్ళీ అక్షరాలుగా గుర్తించినప్పుడే అది సాధ్యం. దాచడంతో పని ముగియదని దీనివల్ల కూడా తెలుస్తున్నది.

మరి మన యిళ్ళలో మనం చేయగలిగినదేమిటి? ఫైలు తెరుచుకోలేదని వెంటనే తీసివేయకండి. పేరు మార్చే ముందు నకలు తీసుకోండి. అపురూపమైనవాటిని రెండు వేర్వేరు చోట్ల వుంచండి. లోకమంతటా వాడుకలోనున్న, వివరం బహిరంగంగా ప్రకటితమైన పద్ధతులలో మరొక ప్రతి తయారుచేసుకోండి: వ్రాత అయితే యూనికోడ్‌లో, బొమ్మ అయితే జేపెగ్ లేదా పీఎన్‌జీలో, ధ్వని అయితే వేవ్‌లో. అసలు ప్రతిని మాత్రం కదపకండి. అన్నిటికంటె ముఖ్యం, ఒక కాగితంమీద సిరాతో ఇది ఏమిటి, ఎవరిది, ఏ యేడు, ఏ యంత్రంతో తీసినది అని వ్రాసి దానితోపాటు వుంచండి. కాగితం చదవడానికి ఏ ప్రోగ్రామూ అక్కరలేదు.

మొన్న పెద్దమ్మగారింటికి వెళ్ళినప్పుడు ఆమె రేకుపెట్టె తెరిచి చూపించారు. పొలం పాసుపుస్తకం ప్రక్కన చిన్న ప్లాస్టిక్ సంచిలో ఆ పెన్ డ్రైవు, దానితో ఒక కాగితం ముక్క వున్నవి. కాగితంమీద మనుమడి చేతివ్రాత: "తాత మాట. 2010. ఏఎంఆర్ ఫైలు. పేరు మార్చవద్దు."